పరభాషలోని ఒక బాలిక దినచర్య

ఒక వ్రాతను కాపాడవలెనంటే అది కాపాడువారి భాషలోనే ఉండవలెనా? తనకు రాని లిపిలో ఉన్న కాగితము చేతికి వస్తే మనుష్యుడు దానిని చిత్తుకాగితముగానే చూస్తాడని సాధారణముగా అనుకుంటాము. అట్లు పొట్లములుగా మారినవి, పొయ్యిలోకి పోయినవి ఎన్నో ఉన్నవి. అయితే దీనికి విరుద్ధమైన ఉదాహరణములు కూడా లేకపోలేదు. తమ భాషలో లేని వ్రాతను, తామెన్నడూ చూడని మనిషి వ్రాతను, దశాబ్దముల తరబడి ఇంటిలో దాచినవారు ఉన్నారు. అట్టి ఒక నోటుపుస్తకమును గురించి, దానిని వ్రాసిన పదునాలుగేండ్ల బాలికను గురించి ఈ ప్రసంగము. ఆ బాలిక మన దేశస్థురాలు కాదు. కాని ఆమె పుస్తకమునకు పట్టిన గతి మన ఇండ్లలోని పాత పెట్టెలకు ఎంతో సన్నిహితమైన విషయము.

బషీరాబాద్, తాండూరు ప్రాంతమునే తీసుకుందాము. 1874లో వాడి నుండి సికిందరాబాదుకు వేసిన రైలుమార్గము ఈ సీమ మీదుగానే పోతుంది. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండి, రాష్ట్రముల పునర్విభజనతో తెలుగు రాష్ట్రములో కలిసినవి. ఇంటిలో తెలుగు, ఇరుగుపొరుగున కన్నడము, కచేరీలో ఉర్దూ - ఇది ఈ సీమ వాడుక. హైదరాబాదు రాజ్యములో 1948 వరకు పరిపాలన ఉర్దూలో జరిగినది. బడి చదువులో సైతము ఉర్దూకే అగ్రస్థానము. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఉన్నతవిద్య కూడా ఆ భాషలోనే సాగినది. ఆ కాలములో బడికి పోయిన తాతగారు తన నోటుపుస్తకములో ఏమి వ్రాసుకున్నారో నేటి మనుమడు చదువలేడు. అటకమీది సందూకలో, గుడ్డ చుట్టిన దస్తరములో ఆ పుస్తకము ఉంటే ఉండవచ్చును. అది ఉండవలెనా, పోవలెనా అన్నది ఇప్పుడు దానిని చదువలేని వారి చేతిలో ఉన్నది.

దినచర్య వ్రాసుకొనుట దక్షిణదేశమునకు క్రొత్త కాదు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారికి దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళె 1736 మొదలు 1761లో తాను మరణించువరకు తమిళములో దినచర్య వ్రాసినాడు. తెలుగు కవులను ఆదరించిన వాడగుటచే మనకూ ఆయన పరిచితుడే. కస్తూరి రంగకవి రచించిన ఛందోగ్రంథము ఆయన పేరిటనే వెలసినది. ఆ దినచర్య సంపుటములు ఎనుబదియైదు సంవత్సరములు మరుగున పడి ఉండగా, 1846లో గాల్వా-మోంబ్రూన్ అనే ఫ్రెంచి ఉద్యోగి వాటిని కనుగొని నకలు వ్రాయించినాడు. తరువాత మదరాసు ప్రభుత్వము 1904 నుండి 1928 వరకు దానిని 12 సంపుటములుగా ఇంగ్లీషులో ప్రచురించినది. తమిళ వ్రాతను వెలికి తెచ్చినవాడు ఫ్రెంచివాడు. లోకమునకు చేర్చినది ఇంగ్లీషు అనువాదము. ఇక తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830, 1831 సంవత్సరములలో కాశీకి పోయి వచ్చుచు దారి పొడుగునా వ్రాసిన విశేషములు, ఆయన గతించిన తరువాత 1838లో ముద్రణ పొందినవి.

వీరిరువురును పెద్దవారు, పేరుగలవారు, పలుకుబడి కలవారు. వారి వ్రాతలు నిలిచినవంటే ఆశ్చర్యము తక్కువ. పేరు లేని, ఆస్తి లేని, తలిదండ్రులు కూడా లేని ఒక బాలిక వ్రాత నిలుచుట వేరు సంగతి.

ఆమె పేరు రివ్కా లిప్షిత్స్. 1929 సెప్టెంబరు 15న పోలండు దేశములోని లోడ్జ్ నగరములో యూదు కుటుంబమున జన్మించినది. ఆ దేశీయులు ఆ ఊరిని ‘వూచ్’ అని పలుకుతారు. అది నేతమిల్లుల నగరము. నలుగురు పిల్లలలో రివ్కా పెద్దది. ఆమె తరువాత తమ్ముడు అబ్రామెక్, చెల్లెండ్రు చిప్కా, తమార. దైవభక్తి, శాస్త్రపఠనము గల సంప్రదాయ గృహము.

1939 సెప్టెంబరులో జర్మనీ పోలండును ఆక్రమించినది. 1940లో లోడ్జ్ నగరములోని యూదులనందరిని ఊరిలో ఒక మూలకు త్రోసి, చుట్టును కంచె కట్టినారు. అట్టి వాడను ఘెట్టో అంటారు. రమారమి 1,60,000 మంది ఆ ఇరుకులో చిక్కుకున్నారు. బయటికి పోరాదు, లోపలికి తిండి రాదు, జర్మనులు కొలిచి ఇచ్చినది తప్ప. పని చేసినవారికే ఆ కొలత. అందుచేత ఘెట్టో అంతయు కర్మశాలలతో నిండిపోయినది. జర్మను సైన్యమునకు కావలసిన దుస్తులు, చెప్పులు అక్కడ తయారైనవి. పది పన్నెండేండ్ల పిల్లలు సైతము కుట్టుయంత్రముల ముందు కూర్చున్నారు.

రివ్కా తండ్రి జర్మనుల దెబ్బలు తిని కోలుకోలేక 1941 జూన్‌లో మరణించినాడు. తల్లి 1942 జూలైలో ఆకలితో, అలసటతో కన్నుమూసినది. రెండు నెలలు తిరుగక ముందే మరొక ఘోరము జరిగినది. ఆ సెప్టెంబరులో ఒక వారము రోజులు ఎవరూ ఇల్లు కదలరాదని ఆజ్ఞ వేసి, పదేండ్లలోపు పిల్లలను, ముసలివారిని, రోగులను ఇంటింటా ఏరి పట్టుకుపోయినారు. 15,000 మందికి పైగా పోయినారు. వారిని హెల్మ్నో అనే చోటికి కొనిపోయి చంపినారు. పదేండ్ల అబ్రామెక్, అయిదేండ్ల తమార వారిలో ఉన్నారు. రివ్కాకు మిగిలినది చిప్కా ఒక్కతే. అక్కచెల్లెండ్రిద్దరును తమ బంధువుల పిల్లలైన ముగ్గురు ఆడపిల్లల గదిలో చేరినారు. ఆ ముగ్గురిలో పెద్దదైన ఎస్తేరుకు ఇరువదేండ్ల ప్రాయము. ఆ ఇంటిలో పెద్దదిక్కు ఆమెయే.

ఈ స్థితిలో 1943 అక్టోబరు 3వ తేదీ నుండి రివ్కా నిత్యము వ్రాసుకొన్న పుటలు మనకు దక్కినవి. అప్పటికి ఆమెకు పదునాలుగు నిండి మూడు వారములు కాలేదు. ఆ నెలలోనే మన హైదరాబాదు రాజ్యములో 1353 ఫసలీ ఆరంభమైనది. ఇక్కడి బడిపిల్లలు క్రొత్త నోటుపుస్తకముల మీద ఆ సంవత్సరము వేసుకొని ఉందురు. అక్కడ ఈ పిల్ల బడి నోటుపుస్తకములో, పోలిష్ భాషలో, ఆరు నెలలు వ్రాసినది. మొత్తము 112 పుటలు. వ్రాయుమని ప్రోత్సహించినది సుర్చియా అనే స్నేహితురాలు. వయస్సులో తన కంటె కొంచెము పెద్దదైన ఆమెను రివ్కా గురువును ఆరాధించినట్లు ఆరాధించినది.

ఆ పుటలలో ఏమున్నది? యుద్ధవార్తలు తక్కువ. ఆకలి ఉన్నది. బొగ్గు లేని చలికాలము ఉన్నది. రొట్టెను, పులుసును పంచుకొనుటలో ఎస్తేరుతో వచ్చిన తగవులు ఉన్నవి. తమ్ముని మీద, చిన్న చెల్లెలి మీద బెంగ ఉన్నది. తల్లి ఉంటే ఈ మాటకు ఏమని ఉండునో అన్న తలపు మాటిమాటికి వస్తుంది. కర్మశాలలో కుట్టుపని నేర్చుకొనుట గురించి వ్రాసినప్పుడు మాత్రము ఆమె సంతోషము దాచుకోలేదు. చేతికి ఒక విద్య వచ్చినది, ఇక పనికిమాలిన దానను కాను అన్న తృప్తి అది. ఆడపిల్లలు కొందరు చేరి సాహిత్యగోష్ఠి జరుపుకొన్నారు. అందులో చదువుటకు ఆమె పద్యములు కట్టినది. శుక్రవారపు సాయంకాలము దీపములు వెలిగించునప్పటి శాంతిని గురించి వ్రాసినది. దేవునితో నిష్ఠూరము లేదు. ఆయన మీది నమ్మకమే ఆధారమైనది. దక్కిన వానిలో చివరి తేదీ 1944 ఏప్రిల్ 12. ఎండ కాసిన వసంతదినము. బ్రదుకవలెనన్న కోరిక ఆ పుటలో స్పష్టముగా ఉన్నది.

ఆ ఆగస్టులో లోడ్జ్ ఘెట్టోను ఖాళీ చేసినారు. సుమారు 67,000 మందిని రైళ్ళలో ఆష్విట్స్ మారణశిబిరమునకు తరలించినారు. దిగిన చోటనే మనుష్యులను రెండు వరుసలుగా విడదీయుట అక్కడి పద్ధతి. పదకొండేండ్లు కూడ నిండని చిప్కాను విషవాయువు గదికి పంపినారు. రివ్కాను, ముగ్గురు బంధువులను పనికి ఏరుకొని మరొక శిబిరమునకు తోలినారు. వచ్చినవారి చేతి సంచులు, మూటలు, సమస్తము ఆష్విట్స్‌లోనే లాక్కున్నారు. ఆ నోటుపుస్తకము అట్లు ఆమెను వీడిపోయినది. 1945 శీతకాలములో ఆ నలుగురిని మంచులో నడిపించి బెర్గెన్-బెల్సెన్ శిబిరమునకు చేర్చినారు. అక్కడ విషజ్వరము ప్రబలి ఉన్నది. ఏప్రిల్ 15న బ్రిటిషు సైన్యము ఆ శిబిరమును విడిపించునాటికి రివ్కా ప్రాణము మీదికి వచ్చి ఉన్నది. విముక్తి తరువాత కూడ అక్కడ 13,000 మందికి పైగా చనిపోయినారు. ముగ్గురు బంధువులలో ఒకతె వారిలో చేరినది. మిగిలిన ఇద్దరు, ఎస్తేరు, మీనా, చికిత్స కొరకు స్వీడను దేశమునకు పోయి, తరువాత ఇజ్రాయెలులో స్థిరపడినారు. రివ్కా మరణశయ్య మీద ఉన్నదని వారికి చెప్పినారు. ఆమె అక్కడనే చనిపోయినదని వారు నమ్మినారు.

ఇక పుస్తకము కథ. ఆష్విట్స్‌ను 1945 జనవరి 27న సోవియట్ సైన్యము విడిపించినది. ఆ సైన్యముతో వచ్చిన జినయీదా బెరెజోవ్‌స్కయా అనే వైద్యురాలికి శిథిలమైన దహనశాల సమీపమున ఆ నోటుపుస్తకము దొరికినది. ఆమె రష్యనులు చదువు లిపి వేరు, పోలిష్ వ్రాయు లిపి వేరు. వ్రాసినది ఎవరో, బ్రతికి ఉన్నదో లేదో తెలియదు. అయినను ఆమె దానిని పారవేయలేదు. సైబీరియాలోని ఓమ్స్క్ నగరమునకు, తన ఇంటికి తీసుకుపోయినది. 1983లో ఆమె మరణించువరకు, ముప్పదియెనిమిది సంవత్సరములు, అది ఆ ఇంటిలోనే ఉన్నది. తరువాత కుమారుడు దానిని మాస్కోకు తెచ్చుకున్నాడు. 1995లో, అమెరికాలో స్థిరపడిన మనుమరాలు మాస్కోకు వచ్చి, కుటుంబపు పాత వస్తువులలో దానిని చూచి, సాన్ ఫ్రాన్సిస్కోకు తీసుకుపోయినది. 2008లో అది అక్కడి హోలోకాస్ట్ అధ్యయన కేంద్రమునకు చేరినది. అంటే వ్రాసిన చేయి విడిచిన తరువాత అరువదినాలుగు సంవత్సరములు ఆ పుస్తకము పరాయివారి సంరక్షణలో, మూడు నగరములు తిరిగి, మూడు తరముల చేతులు మారి, చిరుగక నిలిచినది.

అప్పుడు చదువగలవారి పని మొదలైనది. పోలండులోని చరిత్రకారిణి ఏవా వియాత్ర్ మూలపాఠమును సిద్ధపరచుటకు తోడ్పడినది. మాల్గొజాతా మార్కోఫ్ ఇంగ్లీషులోనికి అనువదించినది. అలెగ్జాండ్రా జాప్రూడర్ సంపాదకత్వమున 2014లో గ్రంథము వెలువడినది. ఈలోగా ఆ కేంద్రపు పత్రభాండాగారిణి జూడీ జానెక్ ఈ బాలిక ఎవరు, ఏమైనది అన్న ప్రశ్న వెంట పడినది. యెరూషలేములోని యాద్ వషేమ్ స్మారక సంస్థలో చనిపోయినవారి పేర్లతో బంధువులు సమర్పించిన పత్రములు ఉన్నవి. అందులో రివ్కా పేర ఒక పత్రము కనబడినది. దానిని ఇచ్చినది మీనా. మీనా, ఎస్తేరు ఇద్దరును అప్పటికి జీవించి ఉన్నారు. ఎనుబదేండ్లు దాటిన వృద్ధురాండ్రకు, తమతో ఒకే గదిలో ఆకలి పంచుకొన్న పిల్ల స్వహస్తముతో వ్రాసిన మాటలు అరువదేండ్ల తరువాత చేరినవి.

ఆ మాటలన్నియు వారిని మెచ్చుకొనునవి కావు. కొలిచిన రొట్టె ముక్క గురించి జరిగిన తగవులో ఎస్తేరు రివ్కా పుటలలో కఠినురాలుగానే కనబడుతుంది. ఇరువదేండ్ల వయస్సులో అయిదుగురి ఆకలిని తన తల మీద వేసుకొన్న పిల్ల కఠినురాలు కాక ఏమవుతుంది? ఆ కఠినత్వమే బహుశా వారిని కొన్నాళ్ళు నిలబెట్టినది. ఈ రెండవ వైపు దినచర్యలో లేదు. బ్రతికిన వారి నోటనే వినవలెను. అయినను ఆ పుటలను తొలగింపక, కుటుంబమువారి స్మృతులను జోడించి గ్రంథమును ప్రచురించినారు. దినచర్యను చరిత్రగా చదువువారు గుర్తించవలసిన విషయము ఇది. అది అసత్యము కాదు, సంపూర్ణ సత్యము కూడ కాదు. ఒక్క రోజు, ఒక్క మనిషికి కనబడిన మేరకు సత్యము.

జూడీ జానెక్ అన్వేషణలో మరొక పత్రము కూడ బయటపడినది. బంధువులు అనుకొన్నట్లు రివ్కా 1945 వసంతములో బెర్గెన్-బెల్సెన్‌లో చనిపోలేదు. ప్రయాణమునకు తగిన శక్తి లేదని 1945 జూలైలో ఆమెను ఉత్తర జర్మనీలోని నీండార్ఫ్ ఆసుపత్రికి తరలించినారు. ఆ సెప్టెంబరులో నిరాశ్రయుల నమోదు పత్రములో ఆమె పేరు ఉన్నది. అంటే పదునారవ పుట్టినరోజు దగ్గరికి వచ్చువరకు ఆమె జీవించియే ఉన్నది. అటు పిమ్మట ఆమె పేరు ఏ పత్రములోను కనబడదు. ఆమె సమాధి కొరకు ఆ ప్రాంతమున వెదికినారు, దొరకలేదు. ఆమెను వ్రాయుమన్న సుర్చియా మాత్రము బ్రతికి బయటపడి, ఇజ్రాయెలు చేరి, తన బాల్యమును తానే గ్రంథముగా వ్రాసినది.

ఇందులో వైద్యురాలి పాలు ఎంతటిదో ఒక్కసారి లెక్కించి చూడవలెను. ఆమె అనువదించలేదు, ప్రచురించలేదు. పారవేయలేదు, అంతే. ఆ పని ఆమె చేయకుంటే తక్కిన పండితులకు చేయవలసిన పని ఏదియు ఉండకపోవును. అబ్రామెక్, తమార, చిప్కా తమంతట తాము ఏమియు వ్రాసినవారు కారు. వారి అల్లరి, వారి మీది ప్రేమ, అక్క వ్రాతలో ఉన్నంతవరకే ఉన్నవి. ఒక నోటుపుస్తకము పోతే పోయేది దానిని వ్రాసినవారు ఒక్కరు కాదు.

మన ఇండ్ల సంగతికి వస్తాము. తాండూరు, బషీరాబాద్ సీమలో ఇల్లు మార్చినప్పుడు, పాత ఇల్లు పడగొట్టినప్పుడు, నాపబండల మిద్దె మీది గూటిలో నుండి, సందూక అడుగున నుండి పాత కాగితములు బయటికి వస్తవి. భూమి పత్రములను అందరును జాగ్రత్త చేస్తారు. బడి నోటుపుస్తకమును, జాబుల కట్టను, పద్దుల నడుమ నాలుగు సొంత మాటలు వ్రాసుకొన్న పుస్తకమును ఎవరూ లెక్క చేయరు. ఉర్దూలో ఉన్నదనియో, కన్నడములో ఉన్నదనియో ప్రక్కకు నెట్టుతారు. అది చదువరాక పోవచ్చును. కాపాడుటకు చదువు అక్కరలేదు.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. చెదలు పట్టని, తేమ తగులని చోట, నేలకు ఎత్తుగా పెట్టవలెను. చిరిగిన పుటలకు జిగురు పూయరాదు. వదులుగా మంచి కాగితములో చుట్టి ఉంచవలెను. అది ఎవరిది, ఏ పెట్టెలో దొరికినది, ఇంటిలోని వృద్ధులు దానిని గురించి ఏమి చెప్పినారు అన్నది వేరొక చీటీ మీద వ్రాసి దానితో ఉంచవలెను. ఈ చీటీని వ్రాయగలవారు నేడు ఉన్నారు, రేపు ఉండకపోవచ్చును. తేదీలు ఫసలీలో ఉంటే భయపడనక్కరలేదు. హైదరాబాదు ఫసలీ అంకెకు 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన క్రీస్తు శకపు సంవత్సరము వస్తుంది. 1348 ఫసలీ అంటే 1938 అక్టోబరులో ఆరంభమై మరుసటి అక్టోబరు వరకు సాగిన ఏడు. ఆజుర్, దై, బహ్మన్ అన్న నెలల పేర్లు కనబడితే అది ఫసలీ లెక్కయే. ఉర్దూ చదువగల పెద్దలు ఈ సీమలో ఇంకను ఉన్నారు. ఒక సాయంకాలము వారి ముందు కూర్చుంటే మొదటి పుట తెలియును. చేతి నిండ పాత పత్రములు ఉన్నవారికి హైదరాబాదులోని తార్నాకలో రాష్ట్ర పత్రభాండాగారము ఉన్నది.

చదివినప్పుడు అందులో గొప్ప సంగతులు ఉండకపోవచ్చును. ఒక పిల్లవాడు పరీక్ష తప్పుట, కందుల ధర పడిపోవుట, కాగ్నా వాగు పొంగి బడి మూసివేయుట, అన్నతో తగవు, వేసవిలో అక్కగారి అత్తవారి ఊరికి పోవుట - ఇంతకు మించి లేకపోవచ్చును. రివ్కా పుటలలో ఉన్నది కూడ పులుసు, బొగ్గు, కుట్టుపని, తగవు, తల్లి మీది బెంగయే. లోడ్జ్ ఘెట్టోను గురించి జర్మనులు వ్రాసిన లెక్కలలో మనుష్యుల సంఖ్య దొరుకుతుంది. ఆ సంఖ్యలో ఒకటిగా లెక్కింపబడిన పిల్ల, తన చేతికి సూది పట్టుట వచ్చినదని సంతోషించిన సంగతి దొరికేది ఒక్క ఆ నోటుపుస్తకములోనే.